డాలరు చెక్కు – దారి ఖర్చులు

చెక్కు అనేది డబ్బు కాదు. డబ్బు ఇమ్మని ఒకరు తన బ్యాంకుకు రాసిన చీటీ. ఈ సంగతి వాణిజ్యశాస్త్రం చదివే మిత్రులకు మొదటి సంవత్సరంలోనే చెప్తారు. కాని చెక్కు చేతిలో పడ్డ రోజున ఎవరికీ గుర్తుండదు! రూపాయల చెక్కయితే గుర్తు లేకపోయినా పెద్ద నష్టం లేదు. అదే డాలర్లలోనో, పౌండ్లలోనో, దిర్హముల్లోనో రాసిన చెక్కయితే మాత్రం ఆ మరుపుకు ఖరీదు కట్టవలసి వస్తుంది.

మన జల్‌పల్లి సంగతే చూడండి. ఒక పక్క చెరువు, ఒక పక్క పహాడీ షరీఫ్ గుట్ట, ఇంకొంచెం దూరం పోతే శంషాబాద్ విమానాశ్రయం. 2008 మార్చిలో ఆ విమానాశ్రయం తెరిచినప్పటినుంచి తల మీదుగా పోయే విమానాల చప్పుడుకు మనం అలవాటు పడిపోయాం. పక్కనే బార్కస్. నిజాము సైన్యంలో పనిచేసిన అరబ్బులు ఉన్న బ్యారక్‌లే జనం నోట బార్కస్ అయ్యాయి. ఈ చుట్టుపక్కల నుంచి గల్ఫ్‌కు పనికి పోయినవారు, ఈమధ్య అమెరికాకూ ఇంగ్లండుకూ చదువులకు పోయినవారు ఎందరో ఉన్నారు. పోయినవాళ్లు తిరిగి వస్తారు. వాళ్ల వెనకాలే కొన్ని చెక్కులు కూడా వస్తాయి. అద్దె ఇంటికి కట్టిన డిపాజిట్టు వాపసు, యూనివర్సిటీ ఫీజులో మిగులు, ఆఖరి నెల జీతం, ఎక్కువ కట్టిన పన్ను. మన లెక్చరర్లకైతే ఏ విదేశీ పత్రికో పంపే పారితోషికం. పెద్ద మొత్తాలేం కావు. అట్లాగని ఊరికే వదులుకునేవీ కావు.

చెక్కు వేసిన నెలా రెండు నెలలకు పాసుబుక్కు రాయించుకుంటే అసలు కథ బయటపడుతుంది. లెక్క సులువుగా ఉండటానికి డాలరుకు 80 రూపాయలనుకుందాం. (అసలు రేటు రోజుకో రకం. బ్యాంకుల కమీషన్లు కూడా బ్యాంకుకో రకం. ఇక్కడి అంకెలు లెక్క చూపటానికి వేసుకున్నవే.) ఇల్లు ఖాళీ చేసి వచ్చిన ఒక విద్యార్థికి 180 డాలర్ల చెక్కు వచ్చింది. మనసులో 14,400 రూపాయలు లెక్కపెట్టుకున్నాడు. విదేశంలో చెక్కు వసూలు చేసిపెట్టిన బ్యాంకు 25 డాలర్లు పట్టుకుంది. మిగిలింది 155. దాన్ని 80తో హెచ్చిస్తే 12,400. అందులోంచి ఇక్కడి బ్యాంకు కమీషను 500, కొరియరు 600, ఈ రెంటి మీద 18 శాతం జి.ఎస్.టి. 198. ఇవిగాక డాలర్లను రూపాయలుగా మార్చినందుకు మరో జి.ఎస్.టి. 45. అన్నీ పోగా ఖాతాలో పడింది 11,057. దారిలో పోయింది 3,343. నూటికి ఇరవైమూడు వంతులు! ఒక నెల మెస్ బిల్లు దాదాపు అందులోనే వెళ్లిపోయింది.

ఇదేమిటండీ అని అడిగితే కౌంటరులో తరచుగా వచ్చే జవాబు, "అవన్నీ ఫారిన్ బ్యాంకు చార్జీలు" అని. ఆ మాట విని చాలామంది తల ఊపి ఇంటికి పోతారు. అందులో కొంత నిజముంది, కొంత లేదు. పై లెక్కలో విదేశీ బ్యాంకు పట్టుకున్నది 2,000 రూపాయలు. మిగతా 1,343 ఇక్కడే పోయింది. అడగదలచుకున్నవాడు మొదట చెయ్యవలసిన పని ఈ విడదీయటమే. మొత్తాన్ని ఒకే ముద్దగా చూస్తే ఎవరిని అడగాలో, ఏమని అడగాలో కూడా తెలియదు.

ఎవరెవరు ఎందుకు పట్టుకుంటారో తెలియాలంటే చెక్కు ప్రయాణం కొంచెం తెలియాలి. మన చెక్కు అడుగున తొమ్మిది అంకెల సంఖ్య ఒకటుంటుంది. హైదరాబాదు శాఖలదైతే 500తో మొదలవుతుంది. అమెరికా చెక్కు అడుగున కూడా బ్యాంకును తెలిపే సంఖ్య తొమ్మిది అంకెలే. చూడటానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి గాని, ఆ అంకెలకు మన క్లియరింగులో అర్థం లేదు. కాబట్టి మన బ్యాంకు ఆ చెక్కును విదేశంలో తనకు ఖాతా ఉన్న మరో బ్యాంకుకు పంపాలి. అట్లాంటి ఖాతాను బ్యాంకు పరిభాషలో 'నాస్ట్రో' అంటారు. ఇటాలియన్ మాట; 'మాది' అని అర్థం. ఆ రెండో బ్యాంకు చెక్కును తీసుకుపోయి, చెక్కు రాసినవాడి బ్యాంకులో చూపించి, సొమ్ము రాబట్టి, తన కూలి తాను పట్టుకుని, మిగిలింది మన బ్యాంకు నాస్ట్రో ఖాతాలో వేస్తుంది. పైగా మన పక్క కూడా అన్ని శాఖలకూ విదేశీ వ్యవహారం చేసే అధికారం ఉండదు. పేటలోని శాఖ తీసుకుని, నగరంలోనో ముంబైలోనో ఉన్న మరో శాఖకు పంపుతుంది. ఇంతమంది చేతులు మారాక వస్తువు బరువు తగ్గదా మరి!

ఈ చెక్కుల ప్రయాణం గురించి ఒక చిత్రమైన సంగతి ఉంది. అమెరికాలో కూడా ఒకప్పుడు చెక్కులు కట్టలు కట్టలుగా విమానాల్లోనే బ్యాంకునుంచి బ్యాంకుకు పోయేవి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అక్కడ కొన్నాళ్లు విమానాలు ఆపేశారు. విమానాలతోబాటు చెక్కులూ ఆగిపోయాయి. అప్పుడు కళ్లు తెరిచి 2003 అక్టోబరులో ఒక చట్టం చేశారు. 2004 అక్టోబరు 28 నుంచి చెక్కు బొమ్మనుంచి తీసిన ప్రతికి అసలు చెక్కుతో సమానమైన చెల్లుబాటు వచ్చింది. మన దేశంలో కూడా 2008లో ఢిల్లీ ప్రాంతంతో మొదలుపెట్టి చెక్కు బొమ్మలతోనే క్లియరింగు నడిపే పద్ధతి తెచ్చారు. కాని ఆ దేశంలోపలి సౌకర్యం ఆ దేశంలోపలే, ఈ దేశంలోపలిది ఈ దేశంలోపలే. రెండు దేశాల మధ్య మాత్రం చెక్కుకు ఇంకా పాతకాలపు దారులే ఎక్కువ. పట్టీలో కొరియరు ఖర్చు కనిపించేది అందుకే.

ఇక బ్యాంకు మన చెక్కును తీసుకునే పద్ధతులు రెండు. ఒకటి కొనుగోలు: చెక్కు సొమ్ము రాకముందే బ్యాంకు తన చేతి డబ్బు మనకిచ్చి, తర్వాత తాను వసూలు చేసుకుంటుంది. నమ్మకమైన పాత ఖాతాదారులకు తప్ప ఇది దొరకదు. రెండోది కలెక్షన్: సొమ్ము అక్కడ వసూలై ఇక్కడికి చేరాకనే మన ఖాతాలో వేస్తారు. మనవంటివాళ్లకు జరిగేది ఎక్కువగా రెండోదే. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, చాలామంది గమనించని నష్టం ఒకటి ఇక్కడే దాగి ఉంది.

బ్యాంకులు రోజూ పెట్టే రేటు పట్టీ ఎప్పుడైనా చూశారా? ఒక్క డాలరుకే అరడజను రేట్లుంటాయి. టి.టి. కొనుగోలు, బిల్లు కొనుగోలు, నోట్ల కొనుగోలు, వాటికి ఎదురుగా అమ్మకపు రేట్లు. డాలర్లు అమ్ముకునే మనకు వీటిలో టి.టి. కొనుగోలు రేటు మేలైనది. బిల్లు కొనుగోలు రేటు అంతకు తక్కువ. నోట్లది ఇంకా తక్కువ. ఎందుకీ తేడా? బిల్లు కొన్న బ్యాంకు సొమ్ము కొన్నాళ్లపాటు దారిలో ఇరుక్కుంటుంది; ఆ రోజుల వడ్డీ రేటులోనే కలుపుకుంటుంది. న్యాయమే. కాని కలెక్షన్ చెక్కు విషయంలో బ్యాంకు సొమ్మేమీ ఇరుక్కోలేదు. ఎదురుచూసినవాళ్లం మనం. డాలర్లు నాస్ట్రో ఖాతాలో పడ్డాకనే కదా రూపాయలుగా మార్చింది! అందుకే విదేశీ మారకం జరిపే బ్యాంకులన్నీ కలిసి 1958లో పెట్టుకున్న సంఘం (ఫెడాయ్ అంటారు) పద్ధతి ప్రకారం, కలెక్షన్‌కు పంపిన చెక్కు సొమ్మును టి.టి. కొనుగోలు రేటుతో మార్చాలి. బిల్లు రేటు వేశారంటే వడ్డీ మనమే రెండుసార్లు కట్టినట్టు: ఒకసారి నిరీక్షణగా, ఒకసారి రూపాయలుగా. పై ఉదాహరణలో రేటు 80కి బదులు 79 వేస్తే 155 డాలర్ల మీద 155 రూపాయలు తగ్గుతాయి. ఇది చార్జీల పట్టీలో ఎక్కడా కనిపించదు! చార్జీ అన్న పేరే దానికి లేదు మరి.

హైదరాబాదు వాళ్లకు రెండు డబ్బుల మధ్య లెక్క కొత్తేమీ కాదు. నిజాము కాలంలో ఇక్కడ హాలీ సిక్కా చెల్లేది. బ్రిటిషిండియా రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. వంద కల్దార్లు కావాలంటే హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు పెట్టాలి. ఆ సిక్కా వ్యవహారం చూడటానికే 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పెట్టారు. అదే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. ఏడుకు ఆరు అన్నది అందరికీ తెలిసిన లెక్క గనుక, అంతకు మించి ఎవరైనా బట్టా తీసుకుంటే అది బట్టా అని తెలిసేది. ఇప్పటి చిక్కంతా బట్టా రేటులో కలిసిపోయి కనపడకుండా ఉండటమే.

మార్పిడి మీద జి.ఎస్.టి. సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. లక్ష రూపాయల లోపు మార్పిడికి, మార్చిన మొత్తంలో ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి, దాని మీద 18 శాతం పన్ను వేస్తారు. ఆ విలువ 250కి తగ్గకూడదని నియమం. 12,400లో ఒక శాతం 124 మాత్రమే. కనుక 250 మీద 18 శాతం, అంటే 45 రూపాయలు. ఇది ప్రభుత్వానికి పోయే పన్ను. దీన్ని గురించి బ్యాంకుతో వాదించి లాభం లేదు. 45 రావలసిన చోట 450 వేస్తే మాత్రం అడగాలి. లెక్క తెలిస్తేనే గదా అడగటానికి!

సరే, ఏది అడగొచ్చు? ఏది అడగలేము?

విదేశీ బ్యాంకు నిజంగా పట్టుకున్న కూలిని మన బ్యాంకు తిరిగి ఇవ్వాలని గట్టిగా వాదించటం కష్టం. అది మన బ్యాంకు జేబులోకి పోలేదు. కాని 'నిజంగా పట్టుకున్న' అన్న మాట దగ్గర ఆగండి. ఎంత వసూలైంది, ఎంత పట్టుకున్నారు అని అక్కడి బ్యాంకు పంపే కాగితం ఒకటి ఉంటుంది. దాని నకలు అడగండి. నకలులో 15 డాలర్లుండి పాసుబుక్కులో 25 పోయి ఉంటే తేడా ఎక్కడిదో బ్యాంకే చెప్పుకోవాలి. ఇట్లాగే కమీషను, కొరియరు. ఇవి మన బ్యాంకు ముందుగా ప్రకటించిన చార్జీల పట్టీలో ఉన్నాయా? చెక్కు వేసిన నాటికి ఉన్నాయా, తర్వాత పెంచారా? శాఖ ఒకసారీ కేంద్ర శాఖ మరోసారీ ఒకే కమీషను వసూలు చేశాయా? ఈ చివరిది కావాలని చేసేది కాకపోవచ్చు. విదేశీ చెక్కు కొన్ని శాఖలకు ఏడాదికి ఒకటో రెండో వస్తుంది. గుమాస్తాకు కూడా అది కొత్తే. అందుకే కౌంటరు దగ్గర గొంతు పెంచటం వల్ల ప్రయోజనం లేదు. మంత్రాలకు చింతకాయలు రాలనట్టే అరుపులకూ రాలవు.

అడిగే హక్కు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మాటకు బలం వస్తుంది. బ్యాంకు చార్జీల మీద ఫిర్యాదులు పెరిగితే రిజర్వు బ్యాంకు 2006లో ఎన్. సదాశివన్ అధ్యక్షతన ఒక బృందాన్ని వేసింది. ఆ బృందం చెప్పినదాన్ని ఆధారం చేసుకుని 2007 ఫిబ్రవరిలో బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. మామూలు మనుషులకు కావలసిన ప్రాథమిక సేవలేవో అందులో గుర్తించారు. విదేశీ మారకంలో 500 డాలర్ల వరకు ఉన్న వ్యవహారాలను చిన్న వ్యవహారాల కింద లెక్కవేశారు. మన 180 డాలర్ల చెక్కు ఆ గీత లోపలిదే. ఇట్లాంటి సేవలకు చార్జీలెంతో ముందుగానే, పూర్తిగా చెప్పాలి. చెప్పిన చార్జీలు మాత్రమే వసూలు చెయ్యాలి. ఖాతాలోంచి తీసుకున్నప్పుడు తీసుకున్నామని తెలపాలి. పెంచేముందు కబురు చెయ్యాలి. చార్జీ న్యాయంగా, కారణం చూపగలిగేట్టు ఉండాలి. ఇవీ అందులోని సూత్రాలు. ఇవే తర్వాత ఖాతాదారుల సేవ మీద ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్లలోకి కూడా ఎక్కాయి. 2014 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రంలో ఉన్న అయిదు హక్కుల్లో ఒకటి, దాపరికం లేని నిజాయితీ వ్యవహారం.

కాబట్టి మన వాదం 'ఇంత ఎక్కువా!' అని కాదు. ఎక్కువా తక్కువా అనేది ఎవరి కొలత వారిది. 'ఇది నాకు ముందు చెప్పారా? ఎక్కడ చెప్పారు?' అన్నదే సరైన ప్రశ్న. మొదటి ప్రశ్నకు సానుభూతి వస్తుంది. రెండోదానికి సమాధానం ఇవ్వాలి.

ఒక జాగ్రత్త ఉంది. చెక్కుతోబాటు మనచేత సంతకం పెట్టించుకునే ఫారం మీద 'విదేశీ బ్యాంకు ఖర్చులు ఖాతాదారువే' అని చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. సంతకం పెట్టేముందు ఆ చోట వేలు పెట్టి, "ఎంతవుతుందండీ, సుమారుగా?" అని అడిగి, వాళ్లు చెప్పిన అంకె రసీదు వెనక వాళ్లచేతనే రాయించుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. రాసివ్వమంటే కొందరు మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. చెక్కుకు రెండు వైపులా ఫొటో తీసుకోవటం, డిపాజిట్ స్లిప్పు మీద ముద్ర వేయించుకోవటం, ఆ రోజు చార్జీల పట్టీనీ, సొమ్ము పడ్డ రోజు రేటు పట్టీనీ దాచుకోవటం... ఇవి నాలుగూ ఉంటే మన చేతిలో కాగితం ఉన్నట్టు. ఏమీ లేకపోతే మన మాట ఒకటి, వాళ్ల మాట ఒకటి.

ఉత్తరం రాయటం చాలామందికి బరువుగా తోస్తుంది. దీనికి పెద్ద భాష ఏమీ అక్కరలేదు. ఇట్లా రాస్తే చాలు:

"గౌరవనీయులైన బ్రాంచి మేనేజరుగారికి,

నేను ... తేదీన మీ శాఖలో ... డాలర్ల విదేశీ చెక్కు కలెక్షన్‌కు ఇచ్చాను. ... తేదీన నా ఖాతాలో ... రూపాయలు జమ అయ్యాయి. దయచేసి ఈ కింది వివరాలు రాతపూర్వకంగా తెలియజెయ్యగలరు. విదేశీ బ్యాంకు వసూలు చేసిన మొత్తం, పట్టుకున్న మొత్తం, ఆ బ్యాంకు పంపిన కాగితం నకలు. మార్పిడికి వాడిన రేటు, ఆ రేటు ఏ తరగతిది, ఏ తేదీది. మన బ్యాంకు తీసుకున్న ప్రతి చార్జీ విడివిడిగా, అది ప్రకటించిన పట్టీలో ఏ అంశం కింద ఉందో. నాకు ముందుగా తెలియజెయ్యని చార్జీలుంటే వాటిని తిరిగి నా ఖాతాలో జమ చెయ్యవలసిందిగా కోరుతున్నాను. చెక్కు, రసీదు నకళ్లు జత చేశాను."

అంతే. కోపం మాటలు వద్దు, తీపి మాటలూ వద్దు. రెండు ప్రతులు తీసుకుపోయి ఒక దాని మీద తేదీ ముద్ర వేయించుకోవాలి. బ్యాంకు వెబ్‌సైటు ద్వారానో ఈమెయిలు ద్వారానో పంపితే ఫిర్యాదు సంఖ్య రాసిపెట్టుకోవాలి. ముప్ఫై రోజుల లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.

ముప్ఫై రోజులేమిటంటే, అది అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవటానికి గుమ్మం. రిజర్వు బ్యాంకు ఈ ఏర్పాటును 1995లో మొదలుపెట్టింది. 2021 నవంబరు 12న విడివిడిగా ఉన్న పథకాలను ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ముందు బ్యాంకుకు రాసి ఉండాలి. వాళ్లు కాదన్నా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా, ముప్ఫై రోజుల్లో జవాబే రాకపోయినా అప్పుడు అక్కడ ఫిర్యాదు చెయ్యవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. బ్యాంకుకు రాయకుండా నేరుగా పోతే మాత్రం తిప్పి పంపుతారు. చాలా ఫిర్యాదులు కూలేది ఈ గుమ్మం దగ్గరే. గడువులు అప్పుడప్పుడు మారుస్తుంటారు కనుక జవాబు వచ్చాక నెలల తరబడి కూర్చోకుండా, అప్పటి నియమం చూసుకుని పంపటం మంచిది. ఇదిగాక 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. రెండేళ్లలోపు వెయ్యవచ్చు. సేవకు చెల్లించిన విలువ 5 లక్షల లోపయితే రుసుము లేదు. కాని వెయ్యి రూపాయల కోసం కమిషన్ మెట్లెక్కటం కొండను తవ్వి ఎలుకను పట్టటమే అవుతుందని నా అభిప్రాయం. పెద్ద మొత్తమైతే వేరు సంగతి.

చార్జీతోబాటు ఆలస్యాన్ని గురించి కూడా అడగవచ్చు. ప్రతి బ్యాంకుకూ చెక్కుల వసూలు విధానం అని ఒక పత్రం ఉంటుంది. విదేశీ చెక్కులకు ఎన్నాళ్లు పడుతుందో, సొంత తప్పు వల్ల ఆలస్యమైతే ఏమిస్తారో అందులో చూసుకోవచ్చు. అయితే అమెరికా చెక్కుల విషయంలో సొమ్ము వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయే ప్రమాదం ఉంది. దొంగ సంతకమనో మరొకటనో అక్కడి బ్యాంకు తర్వాత కూడా సొమ్ము వెనక్కి అడగటానికి వాళ్ల చట్టంలో చోటుంది. అందుకని ఇక్కడి బ్యాంకులు కొన్ని వారాలు ఆగి జమ చేస్తాయి. ఇది వేధింపు కాదు. చెక్కు చెల్లక తిరిగి వస్తే మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటే. సొమ్మూ రాదు, రెండు పక్కల రిటర్ను చార్జీలూ మనమే కట్టాలి. బ్యాంకు ముందే కొన్న చెక్కయితే ఇచ్చిన డబ్బును ఆనాటి అమ్మకపు రేటుతో లెక్కగట్టి వెనక్కి తీసుకుంటుంది. కొన్నప్పుడు తక్కువ రేటు, వెనక్కి ఇచ్చేటప్పుడు ఎక్కువ రేటు!

గల్ఫ్ నుంచి వచ్చే కాగితాల గురించి ఒక మాట చెప్పకపోతే బార్కస్ మిత్రులు ఊరుకోరు. ఒకప్పుడు గల్ఫ్ దేశాల్లో మన రూపాయే చెల్లేది. అక్కడికోసమని 1959లో రిజర్వు బ్యాంకు వేరే నోట్లే వేసింది. ఆ రోజులు పోయాయి గాని, అక్కడి ఎక్స్‌చేంజి కంపెనీలు ఇచ్చే రూపాయల డ్రాఫ్టు అనేది మిగిలింది. అది దుబాయిలోనో దోహాలోనో కొన్నదైనా, రూపాయల్లో ఉండి మన దేశంలోని బ్యాంకు మీదే రాసి ఉంటే ఇక్కడి క్లియరింగులోనే పోతుంది. దానికి విదేశీ కలెక్షన్ ఖర్చు పడటానికి చోటే లేదు. పడితే వెంటనే అడగాలి. దిర్హముల్లో, రియాళ్లలో రాసిన చెక్కు అట్లా కాదు. దానికి పైన చెప్పిన దారి ఖర్చులన్నీ ఉంటాయి. కాగితం చేతికి రాగానే రెండు చూడండి: ఏ డబ్బులో రాశారు, ఏ ఊరి బ్యాంకు మీద రాశారు.

నన్నడిగితే గొడవపడి గెలవటం కన్నా చెక్కే రాకుండా చూసుకోవటం మేలు. చదువు ముగించుకుని వచ్చే మిత్రులు అక్కడి బ్యాంకు ఖాతాను విమానమెక్కే రోజునే మూసెయ్యకండి. డిపాజిట్లు, వాపసులు వచ్చేదాకా ఉండనివ్వండి. చాలా బ్యాంకుల్లో చెక్కును ఫోనుతో ఫొటో తీసి ఆ ఖాతాలో వేసుకునే వీలుంది. నమ్మకమైన స్నేహితుడు ఆ ఊళ్లో ఉంటే సరే సరి. చెక్కు వచ్చేసిందా, చిన్న మొత్తమా? పంపినవాళ్లకే రాసి, దాన్ని రద్దు చేసి ఖాతాకు నేరుగా పంపమని అడగండి. నేరుగా పంపినా నడుమ బ్యాంకులు కొంత పట్టుకోవచ్చు. ఖర్చులన్నీ పంపేవారివే అనే పద్ధతిలో పంపమంటే ఆ బెడద తగ్గుతుంది. 30 డాలర్ల చెక్కును 25 డాలర్లు ఖర్చుపెట్టి వసూలు చేసుకోవటంలో అర్థం లేదు. అడగటానికి మొహమాటపడి ఆర్నెల్లు బీరువాలో పెట్టామంటే అదీ పోతుంది. అమెరికాలో మామూలు చెక్కును ఆరునెలలు దాటాక చెల్లించవలసిన బాధ్యత బ్యాంకుకు లేదు. ప్రభుత్వ ఖజానా చెక్కుకైతే ఏడాది. ఆ ప్రభుత్వం కూడా 2025 సెప్టెంబరు 30తో, కొన్ని మినహాయింపులు తప్ప, కాగితపు చెక్కులు ఇవ్వటం మానేసింది. న్యూజీలండులో 2021లోనే బ్యాంకులు చెక్కులకు స్వస్తి చెప్పాయి. మన దగ్గర కూడా విదేశీ చెక్కు తీసుకోము అనే శాఖలు ఎదురుకావచ్చు. వెళ్లేముందు ఫోను చేసి కనుక్కోవటం మంచిది.

చివరగా విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులకు. కాలేజీ మీద అభిమానంతో సంచిక నిధికో, బీద విద్యార్థుల సహాయ నిధికో డాలరు చెక్కు పంపుదామని మీకు తోచవచ్చు. దయచేసి పంపేముందు ఒకసారి ఉత్తరం రాయండి. దారి ఖర్చుల మాట అటుంచి, చట్టం ఒకటి అడ్డు వస్తుంది. 2010 విదేశీ విరాళాల చట్టం ప్రకారం, రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేని సంస్థ విదేశీ విరాళం తీసుకోకూడదు. అనుమతి ఉన్నవాళ్లయినా 2020 సవరణ తర్వాత ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే తీసుకోవాలి. భారత పౌరులుగా ఉంటూ విదేశంలో పనిచేసేవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది ఈ లెక్కలోకి రాదు. ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నవారు పంపేది వస్తుంది. మీరు ఏ పాస్‌పోర్టు మీద ఉన్నారో ఉత్తరంలో రాస్తే, ఎట్లా పంపాలో యూనియను కోశాధికారి కనుక్కుని చెప్తారు.